మూడో గేటు, గేటెడ్

మంగళవారం మూడో గేటుకు నీళ్ళ ట్యాంకరు రాలేదు. బుధవారమూ రాలేదు. గురువారం పొద్దున్న ఎర్నమ్మ ట్యాంకరు డ్రైవరు సత్తిబాబుకు ఫోన్ చేసింది.

"ఏరా సత్తిబాబూ, బండి పాడయ్యిందా, నువ్వు పాడయ్యావా?"

"రెండూ బాగానే ఉన్నాయి పిన్నీ. లిస్టులో మీ పేరే నేదు."

"మా పేరుకేటయ్యింది?"

"మీరు గేటెడ్ అయిపోనారంట. గేటెడ్ అయినోల్లకి మునిసిపాలిటీ నీల్లు తోలదు. ఆఫీసులో సెప్పినారు."

"గేటెడ్డంటే ఏట్రా?"

"నాకూ సరిగ్గా తెల్దు పిన్నీ. షుగరు జబ్బు నాగ డబ్బున్నోల్లకి ఒస్తాదనుకున్నాను. మీకెలాగొచ్చిందో మరి."

ఎర్నమ్మ ఫోను పెట్టేసి ఇంట్లోకి చూసింది. కూతురు సూరీడమ్మ పురిటికి వచ్చి ఉంది. బిడ్డకు ఇంకా నెల నిండలేదు. డ్రమ్ములో చెంబు ముంచితే అడుగు తగిలి చప్పుడైంది గాని చెంబు తడవలేదు. వీధిలో ఆమె ఇడ్లీ బండి టార్పాలిన్ కప్పుకుని నిలబడింది. పప్పు నానెయ్యడానికి నీళ్ళు లేనప్పుడు ఇడ్లీ బండి నాలుగు చక్రాల బల్ల మాత్రమే.

ఇక్కడ గేటంటే ఏమిటో చెప్పాలి. ఒకప్పుడు పెద్ద లైను నుంచి జూట్ మిల్లుకు ఒక రైలు మార్గం ఉండేది. అది రోడ్డును దాటే చోట్ల గేట్లు పెట్టారు. గేటు దగ్గర బండ్లు ఆగేవి. ఆగినవాళ్ళకు టీ, పల్లీలు, ఇడ్లీ అమ్మడానికి కొందరు వచ్చారు. అమ్మేవాళ్ళు గుడిసెలు వేసుకున్నారు. అలా మూడో గేటు ఒక పేట అయింది. తర్వాత మిల్లు మూతపడింది. పట్టాల్లో కొన్ని రైల్వేవాళ్ళు తీసుకెళ్ళారు. మిగతావి ఎవరు తీసుకెళ్ళారో రైల్వేవాళ్ళు ఇప్పటికీ విచారిస్తున్నారు. గేటు కర్ర, దాన్ని ఎత్తి దించే చక్రం మాత్రం ఉండిపోయాయి. పేరు కూడా ఉండిపోయింది. ఆ నగరంలో ఆటో ఎక్కి "మూడో గేటు" అంటే అది దేని గేటని ఎవరూ అడగరు.

అడగవలసినవాడు ఒక్కడే. అతను టై కట్టుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని కన్సల్టెన్సీ నుంచి వచ్చాడు. ఆ ఏడు నగరం 'మురికివాడల రహిత నగరం' పోటీలో దిగింది. మురికివాడలు లేకుండా చెయ్యడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి ఇళ్ళు కట్టడం. రెండోది సర్వే చెయ్యడం. నగరం రెండోది ఎంచుకుంది.

టై కట్టుకున్నతను ఎర్నమ్మ బండి దగ్గర ఇడ్లీ తింటూ సర్వే చేశాడు.

"ఇది ఏ ఏరియా అండీ?"

"గేటు బాబూ."

"గేటు ఉందా?"

"ఉండకేటి? అదిగో, కనిపిస్తన్నాది కదా."

"గేటుకి మనిషి ఉంటాడా?"

"ఉండేవోడు. మా బావగోరే. కాలం సేసినాడు."

అతను 'గేటు: ఉంది' అనేదాన్ని నొక్కాడు. 'గేటు సిబ్బంది: పోస్టు ఖాళీ' అనేదాన్ని నొక్కాడు. అది దేని గేటని ట్యాబ్ అడగలేదు కాబట్టి అతనూ అడగలేదు. ఇంకో రెండిడ్లీ వేయించుకుని వెళ్ళాడు.

ఆ వారంలో నగరంలోని మురికివాడలన్నీ పోయాయి. డ్రైనేజీ కాలవ ఒడ్డున ఉన్నది 'వాటర్ ఫ్రంట్' అయింది. ఫ్లైఓవరు కింద ఉన్నది 'కవర్డ్ పార్కింగ్‌తో కూడిన నివాసాలు' అయింది. కొండవాలు మీద ఉన్నది 'హిల్ వ్యూ' అయింది. మూడో గేటు గేటెడ్ కమ్యూనిటీ అయింది.

ఎర్నమ్మ మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళింది. తోడుగా గవర్రాజును తీసుకెళ్ళింది. అతను కాలం చేసిన బావగారి కొడుకు. ఆటో నడుపుతాడు. ఎక్కడికి పిలిచినా వస్తాడు, వెళ్ళిన చోటల్లా నోరు జారతాడు.

ఉప కమిషనర్ భుజంగరావు వాళ్ళను కూర్చోమన్నాడు. బస్తీవాళ్ళను అతను అంతకుముందు ఎప్పుడూ కూర్చోమనలేదు.

"అభినందనలు," అన్నాడు.

"నీల్లు రావట్లేదు బాబూ," అంది ఎర్నమ్మ.

"సహజం. ఒక ప్రాంతం ఉన్నత నివాస శ్రేణిలోనికి పరివర్తన చెందిన పిమ్మట, సదరు నివాసితులు తమ జలవనరులను తామే సమకూర్చుకొనవలసి ఉంటుంది. బోరు, సంపు, శుద్ధి యంత్రం, వగైరా."

"మా ఇంటికి తలుపే నేదు బాబూ. గోనిపట్టా కట్టుకున్నాం."

"మార్గదర్శకాలలో తలుపు ప్రస్తావన లేదు. గేటు ప్రస్తావన మాత్రమే ఉన్నది."

"అయితే గేటు పీకేస్తాం సార్," అన్నాడు గవర్రాజు.

"అది రైల్వే ఆస్తి. పీకినచో జైలు."

"మమ్మల్ని మల్లీ బస్తీ అని రాసెయ్యండి బాబూ," అంది ఎర్నమ్మ. "పెద్దోల్లం అయిపోవాలని మేవేటీ అడగనేదు."

భుజంగరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అమ్మా, నగరంలో మురికివాడల సంఖ్య సున్నా అని గౌరవనీయ మంత్రివర్యులు ప్రకటించి ఉన్నారు. నెలాఖరుకు ఢిల్లీ బృందం వస్తున్నది. ఈ దశలో సున్నా పక్కన ఒకటి వేసినచో అది పది అవుతుంది. దానికి ఎవరు జవాబు చెప్తారు?"

గవర్రాజు అరచేతిలో వేలితో రాసి చూశాడు. పదే వచ్చింది.

"పైగా," అన్నాడు భుజంగరావు, "గేటెడ్ కమ్యూనిటీకి ఉండవలసిన వసతులు లేనిచో అది అక్రమ లేఅవుట్‌గా పరిగణించబడుతుంది. అక్రమ లేఅవుట్లను కూల్చుట వేరొక విభాగం వారి పని. వారు బహు చురుకైనవారు." అతను ఒక కాగితం ఎర్నమ్మ చేతిలో పెట్టాడు. సంక్షేమ సంఘం, భద్రతా సిబ్బంది, నిబంధనల బోర్డు, క్లబ్ హౌస్, ఈత కొలను, పెంపుడు జంతువుల విహార స్థలం ఉండాలి. వారంలో తనిఖీ.

పేటకు తిరిగి వచ్చి చెబితే అందరూ గుమిగూడారు.

"నీల్లడగడానికి ఎల్లి ఈతకొలను పట్టుకొచ్చిందర్రా!" అంది కొండమ్మ. ఆమె పక్కింటామె. మూడో గేటు అవతల, పాత మిల్లు స్థలంలో కట్టిన హంసధ్వని విల్లాస్‌లో రెండిళ్ళలో పని చేస్తుంది. గేటెడ్ కమ్యూనిటీని లోపలి నుంచి చూసింది పేటలో ఆమె, ఆమెలాంటి మరికొందరే.

"నవ్వుతావేటే? ఇల్లు పడగొడితే నీ నవ్వు ఎక్కడ పెడతావు?" అంది ఎర్నమ్మ.

నవ్వు ఆగిపోయింది. అప్పుడు పని మొదలైంది.

సంఘానికి ఎర్నమ్మను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఆఫీసులో కుర్చీలో కూర్చుని వచ్చిన అనుభవం ఆమెకు ఉంది. భద్రతా సిబ్బందిగా గవర్రాజు తన తండ్రి ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. పెట్టెలో చొక్కాతో పాటు ఎర్ర జెండా, పచ్చ జెండా కూడా దొరికాయి. అవీ పట్టుకున్నాడు. గేటు చక్రానికి నూనె వేసి తిప్పితే కర్ర దిగింది. మళ్ళీ తిప్పితే లేచింది.

నిబంధనల బోర్డు దగ్గర పని ఆగింది. నిబంధనలు ఏం ఉండాలో ఎవరికీ తెలియదు. కొండమ్మ మర్నాడు పనికి వెళ్ళి, హంసధ్వని గేటు పక్కనున్న బోర్డును ఫోన్లో ఫొటో తీసి తెచ్చింది. పేటలో ఉండే ఒక పెయింటరు ఆ బోర్డును అక్షరం పొల్లుపోకుండా దించాడు. పేరు ఒక్కటే మార్చాడు. 'పనివారు లిఫ్టు వాడరాదు' అన్నది కూడా ఉంచాడు.

"మనకి లిఫ్టేది?" అని అడిగాడు గవర్రాజు.

"మనం పనోల్లమే కదా, ఉన్నా ఎక్కం. ఉండనీ," అంది కొండమ్మ.

తనిఖీకి భుజంగరావు స్వయంగా వచ్చాడు.

"క్లబ్ హౌస్?"

ఎర్నమ్మ రేకుల షెడ్డు చూపించింది. అందులో నలుగురు పేక ఆడుతున్నారు. పోలీసులు దాన్ని క్లబ్బని పాత కేసుల్లో చాలాసార్లు రాసి ఉన్నారు. అంతకంటే ప్రభుత్వ ధ్రువీకరణ అవసరం లేదని భుజంగరావు ఒప్పుకున్నాడు.

"ఈత కొలను?"

మంచినీటి పైపు వేస్తామని మునిసిపాలిటీ ఎప్పుడో తవ్వి వదిలేసిన గొయ్యి ఉంది. పైపు రాలేదు గాని వాన వచ్చింది. ఆ బురదనీటిలో రెండు గేదెలు పడుకుని ఉన్నాయి.

"సభ్యులా?" అన్నాడు భుజంగరావు.

"అప్పలస్వామి గేదెలు బాబూ."

'ఈత కొలను: ఉంది, వినియోగంలో ఉన్నది' అని రాసుకున్నాడు. 'పెంపుడు జంతువుల విహార స్థలం' కింద కూడా అదే రాసుకున్నాడు. నిబంధనల బోర్డును ఆసాంతం చదివి, తల ఊపి, కింద మునిసిపాలిటీ ముద్ర వేయించాడు. మూడో గేటుకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. కూల్చివేత తప్పింది.

నీళ్ళు మాత్రం రాలేదు.

కొండమ్మ విల్లాల నుంచి సాయంత్రం వస్తూ ఒక బాటిల్ నీళ్ళు పట్టుకొచ్చేది. హంసధ్వని గేటు దగ్గర వాచ్‌మన్ మూత తీసి వాసన చూసి పంపేవాడు. ఆ బాటిల్‌తో ఎర్నమ్మ మనవరాలికి ఒళ్ళు తుడిచేది. పసిపిల్ల ఒంటి మీద చెమట పొక్కులు లేచాయి. సూరీడమ్మ అత్తగారు ఫోన్ చేసి, నీళ్ళు పోయలేని ఇంట్లో పురుడెందుకు పోసుకున్నారని అడిగింది. ఎర్నమ్మ ఫోను కూతురికి ఇచ్చేసింది.

ఎండలు ముదిరాయి. హంసధ్వనిలో బోర్లు ఎండిపోయాయి. విల్లాలవాళ్ళు మునిసిపాలిటీకి డబ్బు కట్టి ట్యాంకర్లు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. విల్లాలకు ఇంకో రోడ్డు ఉంది గాని దాన్ని ఏదో పథకం కింద తవ్వేశారు. కనుక ట్యాంకర్లు మూడో గేటు మీదుగానే వెళ్ళాలి. రోజూ పొద్దున్న సత్తిబాబు బండి ఎర్నమ్మ ఖాళీ బిందెల ముందు నుంచి, దారి పొడుగునా నీళ్ళు కారుస్తూ వెళ్ళేది. సత్తిబాబు అటు చూడకుండా తోలేవాడు.

ఒక పొద్దున్న ఎర్నమ్మ బోర్డు ముందు నిలబడింది. ఆమెకు చదువు రాదు. అధ్యక్షురాలిగా నిబంధనలు తెలుసుకోవాలని కొండమ్మను చదవమంది. కొండమ్మ చదివింది.

"'డెలివరీ వాహనములు లోనికి ప్రవేశించరాదు. సరుకు గేటు వద్దనే దించవలెను.'"

"మల్లీ సదువు."

మళ్ళీ చదివింది.

"నీల్లు సరుకేనేటే?"

"లారీలో ఒచ్చిందంటే సరుకే కదా."

ఎర్నమ్మ దూరంగా వస్తున్న ట్యాంకరును చూసింది. "గవర్రాజూ, గేటెయ్యి," అంది.

గేటు పడింది.

ఆ ఊళ్ళో గేటు పడితే ఆగుతారు. ఎందుకని అడగరు. తాతల కాలం నుంచి అంతే. ట్యాంకరు ఆగింది. వెనక కార్లు ఆగాయి, స్కూలు బస్సు ఆగింది. అందరూ ఇంజన్లు ఆపేశారు. కొందరు దిగి ఒళ్ళు విరుచుకున్నారు. స్కూటరు మీద ఒక పెద్దాయన గవర్రాజును అడిగాడు.

"గూడ్సా, పాసింజరా?"

"గూడ్సు," అన్నాడు గవర్రాజు.

"అయితే టైమవుద్ది," అని పెద్దాయన స్కూటరుకు స్టాండు వేసి పేపరు తీశాడు. పట్టాలు లేవన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

సత్తిబాబు కిందికి దిగాడు. "ఇదేటి పిన్నీ?"

ఎర్నమ్మ బోర్డు చూపించింది. సత్తిబాబు చదివాడు. కింద మునిసిపాలిటీ ముద్ర ఉంది. మునిసిపాలిటీ ముద్ర ఉన్న దేనికీ అతను జీవితంలో ఎదురు చెప్పలేదు. "ముద్ర పడిపోనాక నేనేటి సేస్తాను," అని, వద్దన్నా ఎవరూ వినరని నిశ్చయించుకున్నవాడిలా పైపు విప్పాడు. బిందెలు నిండాయి. డ్రమ్ములు నిండాయి. ఆ పొద్దున్న మనవరాలికి ఎర్నమ్మ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్ళు పోసింది. పిల్ల పేటంతా వినబడేలా ఏడ్చింది. ఎర్నమ్మకు అది బాగుంది.

హంసధ్వని సంఘం అధ్యక్షుడు విశ్వేశ్వర్ అరగంటలో అటునుంచి కారులో వచ్చి గేటుకు ఆ పక్కన ఆగాడు.

"ఏమిటీ దౌర్జన్యం? మాది గేటెడ్ కమ్యూనిటీ!"

"మాదీ అదే బాబూ," అంది ఎర్నమ్మ.

"మా నీళ్ళు మీరెలా దించుకుంటారు?"

"మేం దించుకోనేదు బాబూ. బోర్డు దింపించింది. మీ బోర్డే అది. మీరు రాసిందే."

విశ్వేశ్వర్ బోర్డు చదివాడు. కింద ఇంకో వాక్యంలో వ్యాకరణ దోషం తనదేనని గుర్తుపట్టాడు. భుజంగరావుకు ఫోన్ చేశాడు.

భుజంగరావు జీపులో వచ్చాడు. గేటు వేసే ఉంది. గవర్రాజు ఎర్ర జెండా అడ్డం పెట్టాడు.

"ఎవరింటికండీ?"

"నేను ఉప కమిషనర్‌ని!"

"అది మీ ఇంటిపేరా సార్? ఎవరింటికొచ్చారో సెప్తే ఫోన్ సేసి అడుగుతాను. రూలు."

రూలు అన్న మాటకు భుజంగరావు మెత్తబడ్డాడు. నాలుగడుగుల దూరంలో ఇడ్లీ బండి దగ్గర నిలబడి ఉన్న ఎర్నమ్మను చూపించాడు. "ఆమె ఇంటికి."

గవర్రాజు ఫోన్ చేశాడు. ఎర్నమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకుని ఫోన్ ఎత్తింది.

"పిన్నీ, ఎవరో బుజంగరావంట. పంపమంటావా?"

"ఏ పని మీదొచ్చారో కనుక్కో."

"ఏ పని మీదండీ?"

"నీళ్ళ పని మీద," అన్నాడు భుజంగరావు.

"నీల్ల పని మీదంట పిన్నీ."

"అయితే రానీ. నేం ఎదురుసూస్తన్నదే అతగాడి కోసం."

భుజంగరావు ఆమె బండి పక్కన స్టూలు మీద కూర్చుని లెక్క వేసుకున్నాడు. మూడో గేటు గేటెడ్ కాదంటే సున్నా చెడుతుంది. బోర్డు చెల్లదంటే ముద్ర తనది. గేటు రైల్వేది. విల్లాలకున్న ఇంకో దారిని తవ్వేసింది తన ఆఫీసే. చివరికి అతని ముఖం విప్పారింది.

"ఒక గేటెడ్ కమ్యూనిటీ గుండా మాత్రమే చేరగల మరొక గేటెడ్ కమ్యూనిటీ స్వతంత్ర కమ్యూనిటీ కాజాలదు. అది మొదటి దాని అంతర్భాగం. కావున హంసధ్వని విల్లాస్‌ను మూడో గేటు ఫేజ్ టూగా గుర్తించుచున్నాము. ఇక ఒకరి నీళ్ళు మరొకరు దించుకున్నారన్న ప్రశ్న ఉత్పన్నం కాదు."

"మేం ఈ బస్తీకి ఫేజ్ టూనా?" అన్నాడు విశ్వేశ్వర్.

"ఆ పదం వాడకండి సార్. నగరంలో బస్తీలు లేవు."

మర్నాటి నుంచి రెండు ఫేజులకూ నీళ్ళు గేటు దగ్గరే దిగాయి. విల్లాలవాళ్ళు పనివాళ్ళను పంపబోయారు. పనివాళ్ళు అప్పటికే తమ ఇళ్ళ తరఫున లైన్లో ఉన్నారు. దాంతో యజమానులే వచ్చారు. ట్రాక్ సూట్లలో, నైట్ ప్యాంట్లలో, బకెట్లతో, కూలర్ క్యాన్లతో వచ్చి నిలబడ్డారు.

"కొండమ్మా, నా బకెట్ కాస్త నీ బిందె వెనకాల పెట్టుకోవా?" అంది ఒకావిడ.

"లైను లైనేనమ్మగోరూ. సెలవడిగితే మీరేటంటారు? ఒకరికిస్తే అందరూ అడుగుతారంటారు కదా."

లైన్లో అందరూ నవ్వారు. ఆవిడ కూడా కొంచెం ఆలస్యంగా నవ్వింది.

ఎవరో ఆ లైనును ఫొటో తీశారు. అది ఫోన్లలో తిరిగి తిరిగి భుజంగరావు ఫోనుకు చేరింది. ఢిల్లీ బృందం మంగళవారం దిగుతుంది. వాళ్ళ మార్గదర్శకాలలో మురికివాడకు నిర్వచనం ఉంది: ట్యాంకరు చుట్టూ పాత్రలతో జనం గుమిగూడు ప్రదేశం. ఫొటోలో ట్యాంకరు ఉంది, పాత్రలున్నాయి, జనం ఉన్నారు. ఆ జనంలో ఒక రిటైర్డ్ ఇంజినీర్-ఇన్-చీఫ్, ఇద్దరు డాక్టర్లు, మంత్రిగారి వియ్యంకుడు ఉన్నారు. మంత్రిగారి వియ్యంకుడు మురికివాడలో ఉంటున్నాడని నమోదైతే ఏమవుతుందో ఏ మార్గదర్శకాలలోనూ లేదు.

మూడో గేటుకు పైపు లైను సాధ్యం కాదని ఇంజినీర్లు ఏళ్ళ తరబడి రాస్తూ వచ్చారు. నేల వాలు కుదరదన్నారు. వాలు ఆదివారం మధ్యాహ్నం కుదిరింది. గేదెలను లేపి, ఈత కొలనులో పైపు వేసి పూడ్చారు. సోమవారం పొద్దున్నకు ఇంటింటి ముందు కొళాయి నిలబడింది. ఎర్నమ్మ తిప్పింది. మొదట గాలి వచ్చింది, తర్వాత ఎర్రనీళ్ళు వచ్చాయి, తర్వాత నీళ్ళు వచ్చాయి.

ఢిల్లీ బృందం వచ్చింది, కొళాయిలను ఫొటోలు తీసుకుంది, వెళ్ళింది. నగరానికి రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి జనాభాయే లేదని నమోదు చేసుకున్న నగరానికి పోయింది.

తర్వాతి వారం ఎర్నమ్మ బండి దగ్గర పిండి రుబ్బుకుంటూ ఉంటే, నాలుగో గేటు నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. పేరు పోలమ్మ. చంకలో ఒక బిందె, చేతిలో ఒక బిందె.

"అప్పా, మేం కూడా గేటెడ్ అయిపోనాం. ట్యాంకరు ఆపేసినారు," అంది. "మా గేటు కర్ర ఎవడో ఎత్తుకుపోనాడు. మీకు నీల్లొచ్చేసినాయి కదా, మీ కర్ర కొన్నాల్లు ఇస్తావేటి? అడ్డంగా కట్టుకుంటాం."

ఎర్నమ్మ రుబ్బడం ఆపింది. "మీ గేటు అవతల ఎవరుంటారు?"

"అవతలా? ఎవరూ ఉండరప్పా. సెత్త పోసే యార్డే."

"కార్లు తిరగవా?"

"సెత్త లారీలే. అవీ రోజూ రావు."

ఎర్నమ్మ గేటు కర్ర వైపు చూసింది. పోలమ్మ వైపు చూసింది. పోలమ్మ కర్ర ఎంత పొడుగుందో, ఎలా మొయ్యాలో కళ్ళతోనే కొలుచుకుంటోంది.

"కర్రదేముంది, పట్టుకెల్లు," అంది ఎర్నమ్మ చివరికి. "ముందు ఆ బిందెలిలా తే."

తీసుకుని కొళాయి కింద పెట్టి తిప్పింది.